భవిష్యత్సంశయము: ఆంగ్లాంధ్ర వాక్యరీతుల విమర్శ

ఆంగ్లమునుండి తెనుగునకు అనువదించువారికి నిత్యము తటస్థించు చిక్కులలో 'మే' అను సహాయక్రియ యొకటి. 'ఇట్ మే రెయిన్ టుమారో' అను వాక్యమునకు 'రేపు వర్షము కురియవచ్చును' అని బడిపిల్లవాడు మొదలుకొని పత్రికారచయిత వరకు అందరును వ్రాయుదురు. 'యూ మే గో' అనుదానికి 'నీవు వెళ్ళవచ్చును' అనియు వారే వ్రాయుదురు. మొదటిది సంశయము, రెండవది అనుమతి. రెండు భాషలలోను ఒక్క క్రియయే యీ రెండర్థములను మోయుచున్నది గదా, ఇక చిక్కేమి యని తోచును. చిక్కు ఇచ్చటనే కలదు. ఆంగ్లమున రేపటిని గూర్చిన సంశయమును దెలుపు భారము ముఖ్యముగా సహాయక్రియలపై బడినది. తెనుగున ఆ భారమును పెక్కు రూపములు పంచుకొనినవి. 'మే' యనగానే 'వచ్చును' అని యొక్కదానినే గ్రహించి తక్కినవానిని విడిచిపెట్టుటచే మన అనువాదభాష తన సొత్తులో నాలుగు పాళ్లు పోగొట్టుకొనుచున్నది.

ఈ వ్యాసమున మేము మూడు విషయములను పరిశీలింపదలచితిమి. ఆంగ్లేయులు భవిష్యత్తును గూర్చిన సంశయమును ఏ సాధనములతో దెలుపుదురు? మన లాక్షణికులు ఈ విషయమున నేమి చెప్పిరి, ఏమి విడిచిరి? జీవద్భాషలో, ముఖ్యముగా మంజీరాతీరమందలి బీర్కూరు ప్రాంతపు పలుకుబడిలో, ఈ సంశయము ఎట్లు వ్యక్తమగుచున్నది? ఈ మూడింటిని కలిపి చూచినపుడు గ్రామ్యమని త్రోసివేయబడిన యొక ప్రయోగమునకు వ్యాకరణమున న్యాయమైన స్థానము కలదని స్పష్టమగునని మా విశ్వాసము.

1. ఆంగ్లమున భవిష్యత్తు

ఆంగ్లమున భవిష్యత్కాలమునకు ప్రత్యేకమైన ప్రత్యయము లేదు. భూతార్థమున ధాతువు మారును, లేదా 'ఎడ్' చేరును. భవిష్యదర్థమున అట్టి వికారమేదియు గానరాదు. ఆ పని సహాయక్రియలు చేయుచున్నవి. వాని పుట్టుపూర్వోత్తరములు ఆసక్తికరములు. 'విల్' మొదట ఇచ్ఛార్థకము. 'షల్' ఋణార్థకము, అనగా చెల్లింపవలసియుండుట. 'మే' శక్త్యర్థకము. 'కెన్' జ్ఞానార్థకము. కోరుట, బాకీపడుట, బలము కలిగియుండుట, ఎరుగుట అను నాలుగు మానవవ్యాపారములనుండి ఆ జాతివారు రేపటిని గూర్చిన మాటను సమకూర్చుకొనిరి.

1653లో జాన్ వాలిస్ లాటినుభాషలో రచించిన ఆంగ్లవ్యాకరణమున 'షల్', 'విల్' అనువానికి పురుషనుబట్టి నియమము చేసెను. ఉత్తమపురుషయందు 'షల్' కేవల భవిష్యత్తును, 'విల్' ప్రతిజ్ఞను దెలుపును. మధ్యమ ప్రథమపురుషలయందు ఇది తారుమారగును. మన పాఠశాలలలో 'ఐ షల్, యూ విల్, హీ విల్' అని వల్లె వేసిన తరములు ఈ నియమముయొక్క వారసులే. ఫౌలర్ సోదరులు 1906లో 'ది కింగ్స్ ఇంగ్లీష్' అను గ్రంథమున దీనిని నిలబెట్టుటకు మిక్కిలి శ్రమపడిరి. వాడుక మాత్రము వారి మాట వినలేదు. నేడు 'విల్' సర్వపురుషలయందును వ్యాపించినది. ఒట్టో యెస్పర్సన్ మరియొక యడుగు ముందునకు వేసి, ఆంగ్లమున భవిష్యత్కాలమను క్రియారూపమే లేదనియు, ఉన్నవి వక్తయొక్క ఇచ్ఛాశక్తి నిర్ణయములను దెలుపు పదములనియు వాదించెను.

ఈ వాదమునకు బలమైన యుదాహరణ మొకటి. తలుపు చప్పుడు విని 'దట్ విల్ బి ది పోస్ట్‌మన్' అని ఆంగ్లేయుడు పలుకును. తలుపువద్ద నున్నవాడు ఇప్పుడే యున్నాడు. రేపు ఉండబోవువాడు కాడు. ఇచట 'విల్' కాలమును గాక ఊహను దెలుపుచున్నది. ఉర్దూలో 'ఆయా హోగా' అనునదియు ఇట్టిదే. వచ్చుట గతము, 'హోగా' భవిష్యద్రూపము, మొత్తముమీద అర్థము ఊహ. తెనుగున 'వాడు ఈపాటికి వచ్చి యుండును', వాడుకలో 'వచ్చి ఉంటాడు' అనునపుడు మనము చేయుచున్నదియు ఇదే. పరస్పరము దూరమైన మూడు భాషలలో భవిష్యద్రూపము గతమును గూర్చిన ఊహకు పనికివచ్చుచున్నదనిన, ఆ రూపముయొక్క జీవము కాలమందు గాక వక్త నిశ్చయమందు కలదని యంగీకరింపవలసియున్నది.

కాగా ఆంగ్లసహాయక్రియలు సంశయమును ఏ విధముగా విభజించుచున్నవి? ముఖ్యముగా పరిమాణమునుబట్టి. 'విల్' అనగా దాదాపు నిశ్చయము. 'మే' అనగా సగము. 'మైట్' అనగా అంతకు తక్కువ. 'సర్టన్లీ', 'ప్రాబబ్లీ', 'పర్హాప్స్' అను అవ్యయములును ఇట్లే మెట్లవలె అమరియున్నవి. ఈ పద్ధతికి గుణము కలదు, దోషమును కలదు. గుణమేమనగా నిశ్చయమునకు హెచ్చుతగ్గులు చూపుట సులభము. దోషమేమనగా ఏ మెట్టు ఎంత యెత్తున నున్నదో ఇద్దరికి ఒకే తీరుగ దోపదు.

ఈ దోషము ఆంగ్లేయులకే తెలియకపోలేదు. అమెరికా గూఢచారశాఖలో పనిచేసిన చరిత్రాచార్యుడు షెర్మన్ కెంట్ 1964లో ఒక ప్రసిద్ధవ్యాసము వ్రాసెను. 1951లో యుగోస్లావియాపై దండయాత్ర జరుగుటకు 'సీరియస్ పాసిబిలిటీ' కలదని ఆ శాఖవారు ప్రభుత్వమునకు నివేదించిరి. ఆ మాటకు మీ మనస్సులో నున్న పరిమాణమెంత యని కెంట్ తరువాత విచారింపగా, తన మనస్సున నూటికి 65 పాళ్లుండగా, ఆ నివేదికపై కలిసి సంతకముచేసిన సహచరులలో ఒకరికి 80, మరియొకరికి 20 పాళ్లుగా నుండినట్లు బయటపడినది. అందరును ఏకాభిప్రాయమున నున్నామనియే భావించిరి. అంతట కెంట్ ఒక్కొక్క మాటకు ఒక్కొక్క సంఖ్యను నియమింపజూచెను.

సంఖ్యానియమము సైతము సర్వరోగనివారిణి కాలేదు. వాతావరణ పరివర్తనమును గూర్చిన అంతర్జాతీయసంఘపు నివేదికలలో 'లైక్లీ' అనగా నూటికి 66 పాళ్లకు పైబడినది. భారత వాతావరణశాఖవారి ప్రకటనలలో అదే 'లైక్లీ' 25కును 50కిని నడుమ నున్నది; 50 మొదలు 75 వరకు 'వెరీ లైక్లీ', 75 దాటినచో 'మోస్ట్ లైక్లీ'. ఒకే మాట ఒకచోట సగమునకు పైన, వేరొకచోట సగమునకు దిగువ నిలిచినది. పరిమాణమునుబట్టి విభజించు భాషకు ఈ బాధ తప్పదు.

2. మన లాక్షణికుల దృష్టి

సంస్కృతవ్యాకరణము భవిష్యత్తును రెండుగా విభజించినది. నేటికి సంబంధింపని భవిష్యత్తునకు లుట్టు, సామాన్యభవిష్యత్తునకు లృట్టు. సంశయసంభావనలకు లిఙ్‌లకారము వేరుగా నున్నది. జైనుల స్యాద్వాదమునకు పేరిచ్చిన 'స్యాత్' అను పదము అస్‌ధాతువుయొక్క లిఙ్‌రూపమే. ఒక దర్శనమే యొక క్రియారూపముపై నిలిచినదనుట అత్యుక్తి కాదు. సంభావనను క్రియావిభాగమున చేర్చి శాసించుట ఆ వ్యాకరణమున కలదని మనము గుర్తింపవలెను.

పందొమ్మిదవ శతాబ్ది మధ్యమున చిన్నయసూరి బాలవ్యాకరణమున క్రియాపరిచ్ఛేదమును రచించుచు భూతవర్తమాన భవిష్యత్తులతో తద్ధర్మమను నాలుగవదానిని చేర్చెను. 'సూర్యుడు తూర్పున నుదయించును' అనునది తద్ధర్మము. ఇది తెనుగుయొక్క స్వభావమునెరిగి చేసిన విభాగము, సంస్కృతానుకరణము కాదు. చార్లెస్ ఫిలిప్ బ్రౌను 1840లో ప్రకటించిన వ్యాకరణమున ఈ రూపమునకే 'ఏయోరిస్టు' అను గ్రీకు పేరు పెట్టెను. ఆ గ్రీకు పదమునకు హద్దులు లేనిదని యర్థము. పేరు పరాయిదైనను ఈ రూపమునకు కాలపు హద్దు లేదని యాయన గమనించినమాట నిజము. 1985లో భద్రిరాజు కృష్ణమూర్తి, గ్విన్ పండితులు ప్రకటించిన ఆధునికాంధ్ర వ్యాకరణమున 'వస్తాడు' అను రూపమును భవిష్యత్తునకును అలవాటునకును ఉమ్మడియైన రూపముగా గ్రహించిరి. ఈ మూడు గ్రంథముల పరంపర పరస్పరపోషకము.

అయితే సంశయమునకు ఈ పరంపరలో దొరకినచోటు స్వల్పము. విధి, ప్రార్థనము, ఆశీస్సు, చేదర్థము మున్నగువానికి మన క్రియాపరిచ్ఛేదమున సూత్రములు కలవు. సంభావనకు ప్రత్యేకప్రకరణము లేదు. 'ఏమో', 'కాబోలు' అనునవి అవ్యయముల గుంపులోనికి బోయినవి. 'వచ్చు' తుమర్థకముపై చేరు క్రియలలో నొకటిగా మిగిలినది. ఇట్లు ఒకే కుటుంబమునకు జెందినవి వేర్వేరు ఇండ్లకు బోయినందున వానిని పక్కపక్కన నిలిపి పోల్చు నవకాశము విద్యార్థికి దొరకలేదు. కావ్యభాషకు లక్షణము చెప్పబూనిన గ్రంథమున సంభాషణకు ప్రాణమైన యీ రూపములు వెనుకబడుట సహజమే. కాని బోధన నేటికిని ఆ చట్టమునందే సాగుచుండుట సహజము కాదు.

3. పంచరూపములు

తెనుగున భవిష్యత్సంశయమును దెలుపు ముఖ్యరూపములు అయిదు: తుమర్థకముపై 'వచ్చు' (రావచ్చును), సమాపకక్రియపై 'ఏమో' (వచ్చునేమో, వస్తాడేమో), జంటగా నిలుచు 'ఓ' (వచ్చునో రాడో, వస్తాడో రాడో), 'కాబోలు' (వచ్చును కాబోలు), 'అట్లున్నది' (వచ్చునట్లున్నది, వచ్చేటట్టున్నది). వీనిని నిశ్చయపరిమాణమునుబట్టి మెట్లుగా నమర్చుటకు బూనినచో విఫలులమగుదుము. 'వస్తాడేమో' అనుదానికంటె 'రావచ్చు' అనునది ఎక్కువ నిశ్చయమా, తక్కువ నిశ్చయమా యని పదిమందినడిగిన పది సమాధానములు వచ్చును. ఏలయన ఈ రూపములు సంశయము ఎంతయో చెప్పుటకు బుట్టినవి కావు. ఆ సంశయము ఎచ్చటనుండి కలిగినదో చెప్పుటకు బుట్టినవి.

పదనిర్మాణమే దీనికి సాక్ష్యము. 'కాబోలు' అనుదానిలో 'కా', 'పోలు' అను రెండు ధాతువులు కలవు. పోలుట యనగా సాదృశ్యము. కనుపించిన గుర్తును ఎరిగినదానితో పోల్చి చేసిన యూహకు ఇది తగును. 'ఏమో' అనుదానిలో 'ఏమి'కిని 'ఓ'కును కలయిక. ఇది తెలియమికి గుర్తు. 'వస్తాడో రాడో' అనునది రెండు పక్షములను త్రాసులో సమముగా నుంచుట. 'అట్లున్నది' ప్రత్యక్షదర్శనమునకు సంబంధించినది. మబ్బు కనుపించునపుడే 'వాన వచ్చేటట్టున్నది' అందుము. 'వచ్చు' అనునది సంఘటనకు త్రోవ తెరచియున్నదని, అడ్డు లేదని చెప్పును. అందుచేతనే అనుమతికిని అదియే సరిపోయినది: అడ్డు లేకుండుట లోకమందైన సంభావన, పెద్దలయందైన అనుమతి.

ఈ భేదము కల్పితమని శంకించువారికి మూడు పరీక్షలు చూపుదుము.

మొదటిది పురుషపరీక్ష. 'నేను రేపు రానేమో' అని చెప్పుట సర్వసామాన్యము. తన మాటను తానే సడలించుకొనుట దాని ఫలము. 'నేను రేపు రాను కాబోలు' అనుట పరిహాసమున దప్ప వినబడదు. తన సంకల్పమును తానే గుర్తులనుబట్టి ఊహింపవలసిన యవస్థ మనుష్యునకు అరుదు గనుక 'కాబోలు' అచట పొసగదు. రెండును పరిమాణభేదము మాత్రమే కలవియైనచో ఉత్తమపురుషయందు ఒకటి నిలిచి మరియొకటి జారుటకు కారణము లేదు.

రెండవది దూరపరీక్ష. 'సాయంకాలమునకు వాన పడేటట్టున్నది' యన్న వాక్యమునకు ఆక్షేపణ లేదు. 'పదేండ్ల తరువాత వాన పడేటట్టున్నది' యన్నచో వినువాడు నవ్వును. పదేండ్ల తరువాతి వానకు నేటి యాకసమున గుర్తు లేదు. 'పడవచ్చు', 'పడుతుందేమో' అనువానికి ఈ దోషము లేదు.

మూడవది నిషేధపరీక్ష. మా దృష్టిలో ఇది ముఖ్యతమము. 'రావచ్చును' అనుదానికి రెండర్థములు గలవని పైన జెప్పితిమి. నిషేధమున ఆ రెండును విడిపోవును. అనుమతికి నిషేధము 'రాకూడదు', 'రావద్దు'. సంభావనకు నిషేధము 'రాకపోవచ్చును'. ఆంగ్లమున 'హీ మే నాట్ కమ్' అను వాక్యము ఒక్కటియే 'రాకూడదు', 'రాకపోవచ్చును' అను రెండర్థములను మోయగలదు. అనగా విధివాక్యమున మనము పొందిన సందిగ్ధతను నిషేధమున భాష స్వయముగా తొలగించుకొనినది. విధివాక్యమున దానిని తొలగించు మార్గము తెనుగుకు లేదా యన్నది తదుపరి ప్రశ్న. దానికి సమాధానము గ్రంథములలో గాక బీర్కూరు పొలములలో దొరకుచున్నది.

ఇక భవిష్యదర్థమున 'కల' ధాతువుతో నేర్పడు రూపమును గూర్చి యొకమాట. 'వర్షము కురియగలదు' అనునది పూర్వము నిశ్చయభవిష్యత్తు. వాడుకలో నది శక్త్యర్థమునకు మరలినది. 'చేయగలడు' అనగా నేడు సమర్థుడనియే యర్థము. అయినను రెండుచోట్ల పాత యర్థము శేషించినది: వాతావరణవార్తలలోని 'రాగల ఇరువదినాలుగు గంటలలో' అనుచోట, శుభలేఖలలోని 'విచ్చేయగలరు' అనుచోట. రెండవది మర్యాదతో గూడిన ప్రార్థనము. భవిష్యత్తు నిశ్చయముగా జెప్పుటయే ప్రార్థనమైనది. ఇదియు మా పూర్వోక్తమును బలపరచుచున్నది.

4. బీర్కూరు పలుకుబడి: 'కావచ్చు'

బీర్కూరు మంజీరానదీతీరమున బాన్సువాడకు సమీపమున నున్న మండలకేంద్రము. 2016 వరకు నిజామాబాదు జిల్లాలో నుండి నాటినుండి కామారెడ్డి జిల్లాలో చేరినది. జైనులు స్తుతించిన పోదనపురమని పలువురు చరిత్రకారులు తలంచు బోధను ఇచటికి దూరము కాదు. మహారాష్ట్ర కర్ణాటక సరిహద్దులు సమీపమున నుండుటచే మరాఠీ, కన్నడము, ఉర్దూ చెవులకు పరిచితములే. 1923లో ప్రారంభమై 1931లో ముగిసిన నిజాంసాగరు ఆనకట్ట మంజీరపై నున్నది. ఆ కాలువల క్రింది సేద్యమే యీ ప్రాంతపు జీవనాధారము. ఇట్టిచోట భవిష్యత్సంశయము వ్యాకరణాభ్యాసము కాదు. యాసంగికి జలాశయమునుండి నీరు విడుతురా లేదా యనుదానిపై నారు పోయుట ఆధారపడియుండును. నీరు రానిచో వరినారు ఎండిపోవును. నీరు వచ్చుననినమ్మక ఆరుతడి పైరు వేసినచో వరి చేజారును.

ఒక్క సంఘటనను గూర్చి ఆ ప్రాంతపు వాడుకలో నేర్పడు వాక్యములను వరుసగా నుంతము: 'నీళ్లు ఇడుస్తరు', 'ఇడుస్తరేమో', 'ఇడుస్తరో ఇడువరో', 'ఇడిసేటట్టున్నరు', 'ఇడుస్తరు కావచ్చు'. మొదటిదానిని విన్నవాడు నారు పోయును. 'ఇడుస్తరో ఇడువరో' యన్న మాట విన్నవాడు జొన్నయో శనగయో వేయు నాలోచనలో పడును. 'ఇడిసేటట్టున్నరు' అన్నచో చెప్పినవాడు ఏమి చూచెనని అడుగును. కాలువ పూడిక తీయుచున్నారా, అధికారులు వచ్చిరా? 'ఇడుస్తరేమో' యన్నచో అట్టి ప్రశ్న యడుగుట వ్యర్థము. చెప్పినవాడు తనకు తెలియదనియే చెప్పినాడు. ఈ తారతమ్యమును పామరుడు పాటించుచున్నాడు. పండితుడు దానిని సూత్రీకరింపలేదు.

మిగిలినది 'ఇడుస్తరు కావచ్చు'. కోస్తాజిల్లాల శిష్టభాషలో 'కావచ్చు' నామముపై జేరును: 'అది నిజము కావచ్చు'. సమాధానముగా ఒంటరిగను నిలుచును. కాని సమాపకక్రియపై జేరుట అచట అరుదు. తెలంగాణమున నది సర్వసాధారణము: 'వస్తడు కావచ్చు', 'వచ్చిండు కావచ్చు', 'రాడు కావచ్చు'. దీనిని విద్యార్థి వ్రాసినచో ఉపాధ్యాయుడు ఎర్రసిరాతో కొట్టివేయుట పరిపాటి. రెండు క్రియలు పక్కపక్కన నిలిచినవనియు, అన్వయము కుదరదనియు చెప్పు కారణము.

ఈ కారణము నిలువదు. 'వచ్చును కాబోలు' అను ప్రయోగమును శిష్టభాష యంగీకరించినది. నిఘంటువులు దానిని అవ్యయముగా గ్రహించినవి. 'కాబోలు' అనగా 'కా', 'పోలు'; 'కావచ్చు' అనగా 'కా', 'వచ్చు'. నిర్మాణమొక్కటే, స్థానమొక్కటే, క్రియయై పుట్టి అవ్యయమైన మార్గమును ఒక్కటే. ఒకదానిని సాధువని, రెండవదానిని అసాధువని యనుటకు వ్యాకరణమున హేతువు లేదు. ఆంగ్లమున 'మేబీ' అను అవ్యయమును ఇట్లే యేర్పడినది: 'మే', 'బి' అను రెండు క్రియలు కలిసి ఒక్క మాటయైనవి. ఆంగ్లేయుడు 'మేబీ హీ విల్ కమ్' అనుచో తెలంగాణపు రైతు 'వస్తడు కావచ్చు' అనును. ఆంగ్లమున వాక్యారంభమున, తెనుగున వాక్యాంతమున నుండుట ఆయా భాషల వాక్యక్రమానుగుణము. ఇది ఒకరినుండి మరియొకరు తెచ్చుకొనినది కాదు. సమానమైన అవసరము సమానమైన మార్గమును చూపినది.

పైని నిషేధపరీక్షను దీనికి అనువర్తింపజేసినచో దీని విలువ మరింత స్పష్టమగును. 'నీరు విడువవచ్చును' అను వాక్యము నీరు విడుచుటకు అనుమతి కలదనియు, విడుచుట సంభావ్యమనియు రెండర్థముల నిచ్చును. 'నీళ్లు ఇడుస్తరు కావచ్చు' అనుదానికి అనుమత్యర్థము ఎన్నటికిని రాదు. ఏలయన అనుమతి తుమర్థకమునే యాశ్రయించును; సమాపకక్రియను ఆశ్రయింపదు. నిషేధమును సులభము: 'ఇడువరు కావచ్చు'. క్రియ తన నిషేధమును తాను మోయును. సంశయము వెలుపల నిలుచును. గతమునకును అదియే చాలును: 'ఇడిసిండ్రు కావచ్చు'. శిష్టభాష ఇచట 'విడిచి యుండవచ్చును' అని చుట్టు తిరుగవలసియున్నది. కాలమును క్రియకు, సంశయమును అవ్యయమునకు విడివిడిగా నప్పగించు నీ పద్ధతి నిర్మాణదృష్ట్యా మిక్కిలి స్వచ్ఛమైనది. శిష్టభాష విధివాక్యమున తొలగించుకొనలేని సందిగ్ధతను తెలంగాణపు పలుకుబడి ఇట్లు తొలగించుకొనినది.

ఇచట ఒక్క యాక్షేపణకు సమాధానము చెప్పవలెను. 'కావచ్చు', 'కాబోలు' సమానార్థకములైనచో ఒకటి యధికము గదా యనవచ్చును. అవి పూర్తిగా సమానార్థకములు కావు. 'కాబోలు' గుర్తును చూచి చేసిన యూహను, ఒక్కొక్కయెడ వక్తయొక్క యాశ్చర్యమును నిరసనను సైతము దెలుపును: 'తానే పెద్ద పండితుడననుకొన్నాడు కాబోలు' అన్నచో ఎత్తిపొడుపు కలదు. 'కావచ్చు' ఆ మనోభావముల భారము లేని తటస్థమైన సంభావన. శాస్త్రమునకును వార్తకును కావలసినది ఈ తటస్థతయే.

5. అనువాదమునకు, బోధనకు

1966లో ఆంధ్రప్రదేశ్ అధికారభాషాశాసనము వచ్చినది మొదలు పాలనమున తెనుగు ప్రవేశము హెచ్చినది. శాసనానువాదమున 'షల్' అనుదానికి 'వలెను' అనియు, 'మే' అనుదానికి 'వచ్చును' అనియు నియమము ప్రచారమందున్నది. శాసనమున 'మే' సాధారణముగా అధికారమును, ఐచ్ఛికతను దెలుపును గనుక ఈ నియమము యుక్తమే. దోషము ఆ నియమమును శాసనము వెలుపలికిని తెచ్చుటలో నున్నది. 'కాలువకు నీరు విడువవచ్చును' అని ప్రకటన వెలువడినచో అది అధికారికి ఇచ్చిన అనుమతియో, రైతునకు చేసిన సూచనయో చదువరికి దెలియదు. అధికారవాక్యమున 'వచ్చును' అనుదానిని అనుమతికే నిలిపి, సంభావనకు 'విడుతురు కావచ్చు' అనియో, 'విడుచు సూచన కలదు' అనియో వ్రాయుట మేలు. ఇందు భాషాలంకారము లేదు. ఒక పంటకాలపు శ్రమ కలదు.

పత్రికాభాషలో మరియొక జాడ్యము ప్రబలినది. 'లైక్లీ', 'వెరీ లైక్లీ', 'మోస్ట్ లైక్లీ' అను మూడు మెట్లును తెనుగున 'కురిసే అవకాశం ఉంది' అను నొక్కమాటయై పోవుచున్నవి. అవకాశమనగా చోటు, అనుకూలసమయము. 'మంచి పంట వచ్చు నవకాశము' అనవచ్చును. 'పిడుగుపడి మనుష్యులు మరణించు నవకాశము' అనుట వినసొంపు కాదు. అచట 'ముప్పు', 'ప్రమాదము' అను మాటలు మనకు కలవు. పరిమాణమును జెప్పవలసివచ్చినపుడు సైతము భాష పేద కాదు. 'నూటికి తొంబది పాళ్లు వస్తాడు' అని నిరక్షరాస్యుడును పలుకును. పరిమాణమును సంఖ్యకు, మూలమును క్రియాంతమునకు అప్పగించుట తెనుగువారి పద్ధతి. కెంట్ మహాశయుడు ఎంతో శ్రమించి ఆంగ్లమునకు తేగోరిన సంఖ్యానియమము మన వాడుకలో జాతీయముగనే యున్నది. దానిని వార్తాభాషలోనికి తెచ్చుకొనుట మాత్రమే మిగిలినది.

'బహుశః' అను పదమును గూర్చియు హెచ్చరిక యవసరము. సంస్కృతమున నది పెక్కుమారులు, తరచుగా నను నర్థము గలది; తెనుగున 'పర్హాప్స్' స్థానమున నిలిచినది. ఆ యర్థపరిణామమును మేమాక్షేపింపము. కాని 'బహుశః రేపు వర్షము కురియవచ్చునేమో' యని మూడింటిని ఒక్క వాక్యమున బేర్చుట సంశయమును స్పష్టము చేయదు; వక్తను దాచును. విద్యార్థి వ్యాసములలోను, పరిశోధనగ్రంథములలోను ఈ రీతి తరచు గనబడుచున్నది. పరిశోధకుడు తన సంశయము గుర్తునుండి కలిగినదో, తెలియమినుండి కలిగినదో చదువరికి చెప్పుటకు బద్ధుడు. శాసనపాఠమున నొక యక్షరము చెరిగినపుడు 'ఇది రాజనామము కాబోలు' అనుటకును, 'ఇది రాజనామమేమో' యనుటకును భేదము కలదు. మొదటి వాక్యము ఆధారమును చూపవలసిన బాధ్యతను వక్తపై నుంచును. రెండవది ఆ బాధ్యతనుండి తప్పుకొనును.

కావున మా ప్రతిపాదనములు సంగ్రహముగ నివి. తెనుగు వ్యాకరణమున సంభావనార్థకమను ప్రకరణము వేరుగా నేర్పడవలెను. అందు అవ్యయములుగను, అనుబంధక్రియలుగను చెదరియున్న పంచరూపములను కూర్చి, పురుష దూర నిషేధపరీక్షలతో వాని భేదమును నిరూపింపవలెను. తెలంగాణమున సమాపకక్రియపై జేరు 'కావచ్చు' అను నవ్యయమును 'కాబోలు' ప్రక్కన సాధువుగా గ్రహింపవలెను. దాని వ్యాప్తి యెంతవరకో, ఏ మండలమున 'కావచ్చు' ఆగి 'ఏమో' మొదలగునో, మరాఠీ కన్నడముల పొరుగు దానిపై నే ప్రభావము చూపినదో గ్రామగ్రామమున విని పటమున గుర్తించుట పరిశోధకవిద్యార్థులకు తగిన కార్యము. ఆ పని జరిగినంతవరకును ఉపాధ్యాయుడు తన ఎర్రసిరాను ఈ యొక్క మాటపై ప్రయోగింపకుండుట న్యాయము.